కోడి నల్లబడిపోయింది, అందుకే లేటు

అందరికీ నమస్తే అండి. నెలాఖరుకి ఇచ్చేస్తానన్న పొపాయ్ పెయింటింగ్ (అదే, పాలకూర డబ్బా తిని బలం తెచ్చుకునే కార్టూన్ నావికుడు) ఇంకా అవ్వలేదు, తప్పు నాదే, దాచకుండా చెప్పేస్తున్నా.

ముందు చూడని వాళ్లకి. మూడడుగులు బై రెండడుగుల కాన్వాస్, వెనకంతా పాత శుభలేఖల ముక్కలు, దానిమీద అక్రిలిక్‌లో పొపాయ్, తోడుగా ఒక తెల్ల కోడిపెట్ట, పొపాయ్ బుగ్గలకీ చేతులకీ పాత కామిక్స్ ప్రింటింగ్‌లో కనపడే చుక్కలు. ఆ చుక్కలకి ఏ మెషిన్ వాడారు అని అడుగుతున్నారు, మెషిన్ లేదు ఏమీ లేదు, పూర్ణా మార్కెట్‌లో కొన్న ప్లాస్టిక్ ముగ్గు ప్లేటు పెట్టి స్పాంజితో అద్దడమే. కామిక్స్ బొమ్మల్ని పెయింటింగులుగా వేసిన అమెరికా ఆర్టిస్ట్ లిక్టెన్‌స్టైన్ అంతటోడు 1961లో మిక్కీ, డొనాల్డ్‌ల బొమ్మ వేసినప్పుడు కుక్కల్ని దువ్వే బ్రష్ రంగులో ముంచి చుక్కలు పెట్టాడంట, నా ముగ్గు ప్లేటుకి ఏం తక్కువ.

ఇంక అందరూ అడిగేది, పాలకూర డబ్బా ఏదీ, ఆ కోడిపెట్ట ఎందుకూ అని. 1929 జనవరిలో సీగర్ గీసే కామిక్ స్ట్రిప్‌లోకి పొపాయ్ వచ్చినప్పుడు పాలకూర ఊసే లేదండి, బెర్నీస్ అని ఒక కోడి ఉండేది, దాని తల నిమిరితే అదృష్టం, అలా నిమిరీ నిమిరీ తుపాకీ గుళ్లు తిని కూడా బతికేశాడు. పాలకూర తర్వాత సంగతి. నేను వేసింది ఆ మొదటి పొపాయ్‌ని. ఆ 1929 స్ట్రిప్స్‌కి అమెరికాలో 2025 జనవరి 1తో కాపీరైట్ తీరిపోయింది, మన దగ్గర గీసినాయన పోయాక 60 ఏళ్లు లెక్క, సీగర్ పోయింది 1938లో, అంటే ఎప్పుడో అయిపోయింది. పేరు మీద ట్రేడ్‌మార్క్ గొడవ వేరే, అందుకే కాన్వాస్ మీద పేరు రాయలేదు, టీషర్టులు కప్పులు వేసివ్వమని ఎంత అడిగినా వేయను.

ఇప్పుడు అసలు విషయం. ఆ కోడి ఈకలన్నీ సిటీ బస్సు టిక్కెట్లు, రెండేళ్లు పర్సులో పోగేసినవి. ఇప్పుడు కండక్టర్ మెషిన్‌లోంచి వచ్చే టిక్కెట్‌కి సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే కాగితం అది, ఈ సంగతి నాకు తెలుసు, అదే నా ఏడుపు. అంటించినప్పుడు ఏం కాలేదు, రెండు వారాలు బానే ఉంది, మొన్న స్ప్రే వార్నిష్ కొట్టి టీ పెట్టుకుని వచ్చేసరికి తెల్ల కోడి కాస్తా కాకై కూర్చుంది. వేడికే కాదు, వార్నిష్‌లో ఉండే సాల్వెంట్‌కి కూడా ఆ కాగితం అంతే. మా అమ్మ వచ్చి చూసి, కడక్‌నాథ్ నల్లకోడి అని చెప్పి అమ్మెయ్యవే అంది. కానీ బుక్ చేసుకున్నావిడ తెల్ల కోడిని చూసి డబ్బులు కట్టారు కదా.

గీకితే కింద రంగు కూడా లేచిపోతోంది. అందుకని సాండ్‌పేపర్‌తో రుద్ది, జెస్సో (రంగుకి ముందు కాన్వాస్‌కి పూసే తెల్ల పూత) వేసి, టిక్కెట్లకి జిరాక్స్ తీయించి అవి అంటిస్తాను, ఈసారి నీళ్లలో కలిసే వార్నిష్, అదీ బ్రష్‌తోనే. ఇంకో మూడు వారాలు పడుతుంది. రేటు అదే 22 వేలు, ఆగలేకపోతే అడ్వాన్స్ 5 వేలు అడిగిన రోజే వేసేస్తాను, మొహమాటం వద్దు.

ఇదివరకు నా దగ్గర టిక్కెట్లు అంటించిన బొమ్మలు ఇద్దరు కొన్నారు. వాటికి స్ప్రే కొట్టలేదు కాబట్టి నల్లబడవు, కానీ ఎండ తగిలే గోడకుంటే అక్షరాలు మెల్లగా వెలిసిపోతాయి. ఫొటో తీసి పంపండి, కొరియర్ ఖర్చు నాదే, సరిచేసి పంపుతాను.

ఎవరి దగ్గరైనా పాతకాలం రంగు బస్సు టిక్కెట్లు, ప్రెస్సులో అచ్చేసి కట్టలు కట్టినవి, ఉంటే చెప్పండి. వాటిది సిరా కాబట్టి భయం లేదు. ఇవ్వడం ఇష్టం లేకపోతే జిరాక్స్ తీసుకుని తిరిగిచ్చేస్తాను.