పాత ఫొటోలో మనిషి పేరు ఊహించి రాయకండి

సంపాదకుల గారికి నమస్కారం.

దశదిన కర్మ ఫ్లెక్సీలకనీ, పెద్దది చేయించి గోడకు పెట్టుకోవడానికనీ పాత ఫొటోలు మా స్టూడియోకు వస్తుంటాయి. కొన్నింటి వెనక బాల్‌పెన్నుతో ‘తాత తమ్ముడు కావచ్చు’ అని ఉంటుంది. తర్వాతి తరం నకలు రాసుకునేటప్పుడు ‘కావచ్చు’ను వదిలేస్తుంది. ఇక ఆ మనిషి తాత తమ్ముడే!

పెద్దవాళ్లను అడిగే ముందు ఫొటోను రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దానికి అతుక్కున్నదాన్ని పీకొద్దు. వానకాలం చెమ్మకు పైపొర మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది, లాగితే ముఖమే ఊడొస్తుంది. అద్దం మీది నుంచే ఫొటో తీయించండి. యాప్‌లతో ముఖాన్ని బాగుచేసి చూపించొద్దు. అవి లేని కళ్లూ ముక్కూ సొంతంగా కల్పిస్తాయి.

నెగటివ్ తిరగేసి ప్రింటు వేస్తే ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంపకు పోతుంది. మగవాళ్ల చొక్కాకు గుండీలు తొడుక్కున్నవారి కుడివైపు, కాజాలు ఎడమవైపు ఉంటాయి, ప్రింటు తిరగబడిందో లేదో తెలియడానికి అవి చూడండి. పైట ఒక్కటే చూసి తేల్చొద్దు, కుడి పైట వేసుకునే ఇళ్లు కూడా ఉండేవి. కోటు, టై ఉన్నంత మాత్రాన ఆఫీసరు అనుకోవద్దు, ఫొటో కోసం వాటిని స్టూడియోలే ఇచ్చేవి. వెనక ఉర్దూలో స్టూడియో ముద్ర ఉంటే చదవగలిగినవారితో చదివించండి. వెనకాల బండికి ఏపీ 36 (వరంగల్ జిల్లా) నంబరుంటే ఆ ఫొటో 1989కి ముందుది కాదు.

ఎక్కువ పొరపాట్లు అడిగే తీరులోనే జరుగుతాయి. ‘ఈయన మల్లయ్య పెదనాయిన కదా?’ అంటే ముసలివాళ్లు మొహమాటానికైనా అవునంటారు. ఫోన్‌లో కాదు, ఏ4 కాగితం మీద పెద్దగా ప్రింటు తీసి, ఒక్కొక్కరినీ విడివిడిగా, ఏ పేరూ ఎత్తకుండా అడగండి. నలుగురినీ కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవారి మాటే నిలుస్తుంది. ముందు వాళ్లకు తెలిసిన ముఖాలు చెప్పనిచ్చి, పక్కన నిలబడ్డది ఎవరని తర్వాత అడగండి. తాత పేరే మనవడికి పెడతారు కాబట్టి పేరు దొరకగానే ఆగొద్దు, ఎవరి కొడుకో కూడా తెలియాలి. ఆడవాళ్లను చాలాచోట్ల పుట్టింటి ఊరి పేరుతో పిలిచేవారు. ‘పరకాలామె’ అని ఎవరైనా అంటే పరకాలలో ఆమె పుట్టింటివాళ్లను వెతకాలి. అన్నదమ్ముల విషయంలో తేడా వస్తే 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలు తీసుకోండి, అప్పుడు ఎవరెవరి పేరున భూమి ఉందో తెలుస్తుంది. ఆ ఫొటో గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఒకే మనిషిని చెబితేనే పేరు రాయండి.

బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు ముఖం మీద తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, వెనక అంచున, ఎవరు ఎప్పుడు చెప్పారో కూడా రాయండి. నున్నటి రంగుల ప్రింట్ల మీద పెన్సిల్ నిలవదు, కవరు మీద రాసి అందులో పెట్టండి.

మీ జిల్లా సంచికలో వారానికొక గుర్తు తెలియని ఫొటోకు చోటివ్వాలని మా కోరిక. ఊరు, స్టూడియో ముద్ర, సుమారు కాలం వేయండి. ఇంటివాళ్లు అనుకుంటున్న పేరు మాత్రం వేయకండి, అది చూస్తే పాఠకులూ అదే పేరు చెబుతారు.

– పాత ఫొటోలు బాగుచేసే స్టూడియోవాళ్లం, హనుమకొండ