ఫ్యాక్టరీలకు వేల కోట్లు సరే, పరిశోధన సంగతేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

మా గంజాం జిల్లా ఛత్రపురం సముద్రపు ఇసుక మీద మీరు వేసిన వార్త చదివి చాలా రోజులే అయింది. ఇంకెవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు, అందుకని నేనే రాస్తున్నాను. సగం పేజీ సముద్రపొడ్డు ఫోటో, "మన ఇసుకే మన బంగారం" అని హెడ్డింగు, కార్ల మోటార్లకు కావలసిన బలమైన అయస్కాంతాలు మన దేశంలోనే చేసే పథకానికి కేంద్రం 7,280 కోట్లు ఇచ్చిందని, బడ్జెట్‌లో ఒడిశాకు రేర్ ఎర్త్ (ఆ అయస్కాంతాలకు కావలసిన అరుదైన మూలకాలు) కారిడార్ కూడా ప్రకటించారని, ఇక చైనా దయ మీద బతకక్కర్లేదని నాలుగు ముక్కలు. అది చదివి ఒడిశాలోని మా బరంపురంలో చాలామంది రేపో మాపో ఛత్రపురంలో అయస్కాంతాల ఫ్యాక్టరీ తెరిచేస్తారనీ, పిల్లలకి ఉద్యోగాలొచ్చేస్తాయనీ అనుకుంటున్నారు. ఇసుకకీ అయస్కాంతానికీ మధ్య ఎంత చదువు, ఎంత పరిశోధన కావాలో మీ విలేకరి ఒక్క లైను కూడా రాయలేదు. నా కోపం దాని గురించే.

నేను ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి ఈ విషయం కొంచెం తెలుసు. గోపాల్‌పూర్ ఒడ్డున అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు ఉంటాయి, అందరూ చూసే ఉంటారు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దాని మీద తిప్పితే కొన్ని గింజలు అంటుకుంటాయి, చాలావరకు అంటుకోవు. ఛత్రపురంలో ఇసుకలోంచి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ల ప్లాంటులో జరిగే పనికి మూలం ఇలాంటి తేడాలే. ఆ ఇసుకలోని ఖనిజాల్లో ఇల్మనైట్ కరెంటు పారనిస్తుంది, అయస్కాంతానికీ లొంగుతుంది. రూటైల్ కరెంటు పారనిస్తుంది గానీ అయస్కాంతానికి లొంగదు. జిర్కాన్ రెండిటికీ లొంగదు. అసలు సరుకు మోనజైట్, అయస్కాంతానికి కావలసిన నియోడిమియం లాంటి రేర్ ఎర్త్ మూలకాలు ఉండేది అందులోనే; అది కరెంటు పారనివ్వదు, బాగా బలమైన అయస్కాంతం పెడితే కాస్త కదులుతుంది. డిగ్రీ పిల్లలకి ఒక సెమిస్టరు పాఠం అక్కడే ఉంది, బరంపురం నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో. నేను పనిచేసిన చోట మాత్రం అదే పాఠం నోట్సులోంచి బట్టీ పట్టించి ప్రాక్టికల్ మార్కులు వేసేవాళ్లు.

మన దేశంలో మోనజైట్ సుమారు 1.3 కోట్ల టన్నులు ఉందని అణు ఇంధన శాఖ లెక్క. అందులో ఆంధ్రప్రదేశ్ మొదటిది, ఒడిశా రెండోది. ఇంత ఉండీ ఛత్రపురంలో మోనజైట్ నుంచి తీసిన, రేర్ ఎర్త్ మూలకాలన్నీ కలిసి ఉన్న మిశ్రమ క్లోరైడ్‌ను ఒక్కో మూలకంగా విడగొట్టడానికి కేరళలోని అలువా పంపిస్తారు. అక్కడ నియోడిమియం ఆక్సైడ్ తయారయ్యాక దాన్ని లోహంగా మార్చి, అయస్కాంతంగా చేసే పని దేశంలో పెద్ద ఎత్తున జరగడం లేదు. విశాఖపట్నంలో 2023లో ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన ప్లాంటు ఉంది కదా అంటారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు, అదీ సమేరియం–కోబాల్ట్ రకం, కార్ల మోటార్లలో ఎక్కువగా వాడే రకం కాదు. కొత్త పథకం లక్ష్యం ఏడాదికి 6,000 టన్నులు. మూడు టన్నుల నుంచి ఆరు వేల టన్నులకు పోతాం అంటున్నారు. ఎవరి చేతుల మీద పోతాం? ఆ పని వచ్చిన ఇంజనీర్లు ఎక్కడున్నారు? ఈ ప్రశ్న మీ పేపరే వేయకపోతే ఎవరు వేస్తారండీ?

పని కూడా మామూలుది కాదు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి కరిగించి, ఆ మిశ్రమ లోహాన్ని కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడి చేయాలి. ఆ పొడికి గాలి తగిలితే మండిపోతుంది. దాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి రేణువులన్నీ ఒకే దిక్కు తిరిగేలా నొక్కాలి, తర్వాత వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో గాలి లేకుండా కాల్చాలి. అంతా అయ్యాక మోటారు వేడెక్కితే అయస్కాంతం శక్తి పోతుంది, అది పోకుండా డిస్ప్రోసియం అనే ఇంకో రేర్ ఎర్త్ మూలకం వేయాలి. 2025 ఏప్రిల్‌లో చైనా ఆంక్షలు పెట్టిన ఏడు మూలకాల్లో డిస్ప్రోసియం ఒకటి, మన మోనజైట్‌లో అది చాలా తక్కువ. అంటే ఛత్రపురం ఇసుక మొత్తం తవ్వినా ఆ చిక్కు తీరదు, పరిశోధన చేస్తేనే తీరుతుంది. చైనా సరఫరా బిగించిన ఈ దెబ్బ జపాన్‌కి 2010లోనే తగిలింది. వాళ్లు డబ్బునీ, మనుషులనీ ఈ సమస్య మీద పెట్టారు, 2016 నాటికి హోండా, దైడో స్టీల్ కలిసి డిస్ప్రోసియం లేకుండానే హైబ్రిడ్ కారు మోటారుకు అయస్కాంతం చేశారు.

అసలీ అయస్కాంతం పుట్టిందే ధరల గొడవలో. అప్పటి బలమైన అయస్కాంతాలకు కోబాల్ట్ కావలసి వచ్చేది; 1978లో జైర్‌లో (ఇప్పటి కాంగో) యుద్ధం వచ్చి దాని ధర ఆకాశానికెక్కింది. కోబాల్ట్ లేకుండా ఇనుముతో చేయగలమా అని వెతకడం మొదలుపెట్టారు, 1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు విడివిడిగా ఒకే జవాబు కనుక్కున్నారు. తర్వాత 1995లో జనరల్ మోటార్స్ ఆ వ్యాపారాన్ని అమ్మేసింది, కొన్నవాళ్లలో చైనా కంపెనీలున్నాయి, పని మెల్లగా చైనాకు వెళ్లిపోయింది. గని ఉన్నా చాలదని కూడా అమెరికానే చూపించింది. ధరలు పెరిగాయని అక్కడి మోలీకార్ప్ అనే కంపెనీ పాత రేర్ ఎర్త్ గనిని మళ్లీ తెరిచి బోలెడంత డబ్బు పోసింది, ధరలు పడిపోయాక 2015లో దివాలా తీసింది. రేపు మన ఫ్యాక్టరీలు మొదలయ్యాక చైనా ధర తగ్గిస్తే ఏం చేయాలో లెక్కగట్టే ఆర్థికవేత్త ఒకడు ఫిజిక్స్ మాస్టారి పక్కన కూర్చోవాలా వద్దా? మన యూనివర్సిటీల్లో ఒక డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇంకో డిపార్ట్‌మెంట్ మెట్లెక్కడం నేను ఉద్యోగంలో ఉండగా చూడలేదు.

ఇక డబ్బు. దేశం మొత్తం పరిశోధన మీద పెట్టేది జీడీపీలో 0.64 శాతం. చైనా రెండున్నర శాతం దగ్గర ఉంది, దక్షిణ కొరియా ఐదు దగ్గర. పరిశోధనకు నిధులిచ్చే అనుసంధాన్ ఫౌండేషన్ కోసం 2023లో చట్టం చేసి ఐదేళ్లలో 50,000 కోట్లన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయటి నుంచి రావాలన్నారు. పైన వేల కోట్ల మాటలు ఇలా ఉంటే కింద ఏం జరుగుతోందో చెప్తాను. మా వీధి అమ్మాయి ఒకతె మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది, ఎక్కడో చెప్పను, ఆ పిల్లకి ఇబ్బంది. స్టైపెండ్ నెలల తరబడి రాదు, అప్పటిదాకా హాస్టల్ మెస్ బిల్లు టైలరింగ్ చేసే వాళ్ల నాన్న కట్టాలి. ఆమె పనికి కావలసిన ఫర్నేస్‌లో హీటింగ్ ఎలిమెంట్ కాలిపోయింది. చెయ్యంత పొడవున్న కడ్డీ, అంతే. దానికి మూడు కొటేషన్లు కావాలి, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో దొరకదని సర్టిఫికెట్ కావాలి, ఫైలు మీద ఎవరో సంతకం పెట్టాలి, ఆయన సెలవులో ఉంటారు. ల్యాబ్ సామాను పోర్టల్ బయట కొనుక్కోవచ్చని 2025లో కేంద్రం సడలింపు ఇచ్చింది, మనం పేపర్లలో చదివాం కూడా. ఆ ఫైలు చూసే గుమాస్తా గారికి మాత్రం ఇంకా సర్క్యులర్ అందలేదట! ఆ అమ్మాయి ఫర్నేస్ చుట్టూ తిరిగి తిరిగి ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి పుస్తకాలు కొనుక్కుంది. రేపు 6,000 టన్నుల ఫ్యాక్టరీకి కావలసింది ఇలాంటి పిల్లలే.

మీ పేపరు కూడా ఒకప్పుడు వారానికోసారి సైన్స్ పేజీ వేసేది. మా ఇంట్లో కత్తిరించి దాచుకున్నవి ఇప్పటికీ ఉన్నాయి. దాన్ని ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు, ఆ చోట ఇప్పుడు సినిమా తారల పెళ్లిళ్లు వస్తున్నాయి. సరిహద్దుకి ఇవతల ఒడిశాలో ఉన్న మాలాంటి తెలుగు వాళ్లకి తెలుగులో సైన్స్ చదువుకునే దారి అదొక్కటే ఉండేది, స్కూళ్లలో తెలుగు మీడియం ఎలాగూ తగ్గిపోయింది.

మా జిల్లాలో కావలసినవన్నీ ఉన్నాయి. ఛత్రపురంలో ప్లాంటు ఉంది, భంజవిహార్‌లో 1967 నుంచి యూనివర్సిటీ ఉంది, లౌడిగాంలో కేంద్రం వారి సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, పక్కన గోపాల్‌పూర్ పోర్టు ఉంది. కారిడార్ డబ్బులో కొంత ముందే పక్కన పెట్టి, ఇసుక నుంచి అయస్కాంతం దాకా మొత్తం పని ఒకే కప్పు కింద జరిగే పరిశోధన కేంద్రం గంజాంలోనే పెట్టాలి. ఫిజిక్స్, మెటలర్జీ, ఎలక్ట్రికల్, ఎకనామిక్స్ వాళ్లని కనీసం పదేళ్లు కదపకుండా అక్కడ ఉంచాలి, స్టైపెండ్ ఒకటో తారీఖున పడాలి. ఒడ్డునున్న మన నోలియా (చేపలు పట్టే వాళ్ల) కుటుంబాల పిల్లలకి అందులో సీట్లు, శిక్షణ ఇవ్వాలి, ఎందుకంటే తవ్వేది వాళ్ల ఇళ్ల ముందు ఇసుకే.

మా ఎంపీ గారినీ, జిల్లా అధికారులనీ మీ విలేకరి ఈ విషయం సూటిగా అడగాలి, కారిడార్‌లో పరిశోధనకు ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని. వాళ్లు జవాబు చెప్పినా చెప్పకపోయినా ఆ సంగతి కూడా పేపర్లో వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా