కట్టెల స్టవ్ కనెక్షన్ల గురించి మా కస్టమర్లకు

ఈ సీజన్ నుంచి ఒక పని మానేస్తున్నాం. ఇంటిని వెచ్చబరచడానికి పైపుల్లో వేడి నీళ్లు తిప్పే గ్యాస్ బాయిలర్ లైనుకే, వెనక నీళ్లు కాచే బాయిలర్ ఉన్న కట్టెల స్టవ్‌ను నేరుగా కలిపెయ్యమంటే ఇక ఒప్పుకోం. "రెండు పైపులు కలపడానికి ఇంత కొటేషనా?" అని చాలామంది అడిగారు, కొందరు అలిగి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లారు కూడా. కారణం చెప్పకుండా రేటు ఒక్కటే చెబితే ఎవరికైనా కోపమే వస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గ్యాస్ బాయిలర్‌లో నీళ్లు కావలసినంత వేడెక్కగానే మంట దానంతటదే ఆరిపోతుంది. కట్టెలకు ఆ సదుపాయం లేదు. గాలి పూర్తిగా మూసేసినా నిప్పులు చాలాసేపు వేడి వదులుతూనే ఉంటాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందనుకోండి. పంపు ఆగిపోతుంది, స్టవ్ వెనకున్న బాయిలర్‌లో నీళ్లు కదలక మరుగుతాయి. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ ఆవిరికి దారి లేకపోతే బాయిలర్ పేలుతుంది.

మీ డబ్బులో ఎక్కువ భాగం ఆ దారి వెయ్యడానికే పోతుంది. స్టవ్ నుంచి గాలికి తెరిచి ఉండే పై ట్యాంకు దాకా, ఆవిరి పోయేలా వెంట్ పైపు వేస్తాం, దాని మీద ఎక్కడా వాల్వ్ పెట్టం. స్టవ్ కంటే ఎత్తులో ఒక రేడియేటర్‌కు (వేడి నీళ్లతో గదిని వెచ్చబరిచే లోహపు పలక) లావుపాటి రాగి పైపులు, మామూలుగా 28 మి.మీ.వి, ఏటవాలుగా వేస్తాం. పంపు లేకపోయినా వేడి నీళ్లు పైకి, చల్లబడ్డవి కిందికి వాటంతటవే తిరుగుతాయి. స్టవ్ వెలిగినప్పుడల్లా ఆ రేడియేటర్ వేడిగానే ఉంటుంది. దాన్ని ఆపుకోవడానికి వాల్వ్ పెట్టమని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. పెట్టం. స్టవ్ వేడిని ఎప్పుడూ లాగెయ్యడమే దాని ఉద్యోగం. స్టవ్ దగ్గర ప్లాస్టిక్ పైపులు కూడా వెయ్యం.

గ్యాస్ బాయిలర్ లైను మూసి ఉన్న ప్రెషర్ లైను, స్టవ్ లైను పైకి తెరిచి ఉన్నది. ఈ రెండు నీళ్లూ కలవకూడదు. మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్‌గానీ (నీళ్లు కలవకుండా లోహపు గోడగుండా వేడిని దాటించే పరికరం) కాయిల్, అంటే చుట్టగా చుట్టిన పైపు, ఉన్న ట్యాంకుగానీ పెడితే వేడి మాత్రమే అటు వెళ్తుంది.

మూసిన లైనుకు పనికొచ్చే స్టవ్‌లూ ఉన్నాయి. నీళ్లు సుమారు 95 డిగ్రీలకు చేరగానే ఒక వాల్వ్ తెరుచుకుని, చల్లటి కుళాయి నీళ్లు లోపలి కాయిల్‌లోంచి పారి వేడిని లాగేస్తాయి. అయితే మీ ఇంటి నీళ్లు మోటారు మీద వస్తుంటే, కరెంటు పోయినప్పుడు ఆ చల్లటి నీళ్లూ రావు. అలాంటి ఇళ్లకు ఇది వద్దంటాం, కంపెనీ మాన్యువల్ ఒప్పుకున్నా సరే.

కొటేషన్‌లో కనిపించే 60 డిగ్రీల వాల్వ్ గురించి కూడా అడుగుతున్నారు. స్టవ్‌లోకి తిరిగొచ్చే నీళ్లు అంతకంటే చల్లగా ఉండకుండా చూసేది అదే. స్టవ్‌లోకి మరీ చల్లటి నీళ్లు తిరిగొస్తే పొగ చెమ్మగిల్లి బాయిలర్‌కు తుప్పు, చిమ్నీకి తారు పడతాయి. చిమ్నీలు అంటుకునేది ఆ తారువల్లే. పచ్చి కట్టెలు కాలిస్తే మాత్రం ఏ వాల్వూ కాపాడదు.

ఇప్పటికే ఎవరిచేతనైనా నేరుగా కలిపించుకున్నవాళ్లు, స్టవ్ వెనకున్న పాత బాయిలర్‌లో నీళ్లు తీసేసి దాని పైపుల చివర్లు మూసి బిగించి వదిలేసినవాళ్లు మేం వచ్చి చూసేదాకా స్టవ్ వెలిగించకండి. ఫోన్ చేసేముందు స్టవ్ మీదున్న కంపెనీ ప్లేటు, వెనక పైపులు, పై ట్యాంకు ఫొటోలు తీసి పంపండి. ప్రమాదం ఉన్న ఇళ్లకే ముందు వస్తాం, కొత్త స్టవ్‌లకు కాస్త ఆలస్యమవుతుంది.