ఉత్తరాలకు పొగ పెట్టిన రోజులు

చిరంజీవి అమ్మలుకి నాన్న దీవెనలు.

అంటురోగమనగానే జనం ఎందుకంత బెదిరిపోతారని అడిగావు. ఎల్లో ఫీవర్ సంగతి చెబుతాను, విను.

1878లో అమెరికాలోని మెంఫిస్ జనాభా సుమారు 47,000. జ్వరం వచ్చిందని తెలియగానే సగం మందికి పైగా ఊరొదిలి పోయారు. మిగిలినవాళ్ళలో 5,000 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తుపాకులు పట్టుకుని పొలిమేరల్లో కాపలా కాశారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కళ్ళు పచ్చబడి, నల్లటి వాంతులై మనిషి రోజుల్లోనే పోతుంటే, ఎలా అంటుకుంటుందో చెప్పేవాడు లేకపోతే, కనబడిన ప్రతి వస్తువూ అనుమానమే.

ఉత్తరాలను కూడా వదల్లేదు. మేకులు దిగ్గొట్టిన చెక్కతో కవర్లను పొడిచి చిల్లులు చేసేవారు, లోపలి కాగితానికీ పొగ తగలాలని. తర్వాత తలుపులు మూసి గంధకం కాల్చేవారు. అంత కష్టమూ వృథాయే. జ్వరాన్ని మోసే దోమ వాళ్ళ ఇళ్ళలో నీళ్ళ పీపాల్లోనే పెరుగుతోంది.

క్యూబా రాజధాని హవానాలోని వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే ఆ దోమ పేరు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఆయన ప్రయోగాలు తేలకపోవడానికి కారణముంది: రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బు ఎక్కించలేదు. దాని ఒంట్లో క్రిమి పెరగడానికి సుమారు 12 రోజులు పడుతుంది. ఆయన అన్నాళ్ళు ఆగలేదు.

1900లో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం క్యూబాలో రెండు చెక్క ఇళ్ళు కట్టించింది. మొదటిదాంట్లో రోగుల వాంతులు అంటిన పక్కబట్టల మీద ముగ్గురు 20 రాత్రులు పడుకున్నారు. ఆ కంపు ఊహించు! ఒక్కరికీ జ్వరం రాలేదు. రెండో ఇల్లు శుభ్రంగా ఉంది, మధ్యలో జాలీ తెర. ఒక పక్క రోగుల్ని కుట్టిన దోమల్ని వదిలారు. ఆ పక్కనున్నతనికి జ్వరం వచ్చింది. అదే గాలి పీల్చిన ఇవతలివాళ్ళకు ఏమీ కాలేదు.

మరుసటి ఏడు హవానాలో నీళ్ళ పాత్రలకు మూతలు పెట్టించారు, నిలవ నీళ్ళ మీద నూనె పోశారు, రోగి గదికి జాలీ కొట్టారు. జ్వరమొచ్చిన ఇంటి సందులన్నీ కాగితంతో అంటించి లోపల పొగ పెట్టారు, దోమలు చావాలని. ఆ ఏడాది చివరికి ఊళ్ళో జ్వరం లేదు.

ఇట్లు,
నాన్న