మెస్సీయ అంటే దేవుడు అని అర్థమా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ భక్తి పేజీలో మెస్సీయ గురించి వేశారు, బాగానే ఉంది గానీ అందులో ఒక లైన్ దగ్గర ఆగిపోయాను. మెస్సీయ అనే హీబ్రూ మాటకి దేవుడు అని అర్థం అట. కాదండీ, అభిషేకం పొందినవాడు అని. తలమీద నూనె పోసి రాజునో యాజకుడినో పెట్టేవాళ్ళు కదా, అదన్నమాట. గ్రీకులో క్రిస్తోస్, మనకి క్రీస్తు. ఇశ్రాయేలు రాజు సౌలు తనని చంపడానికి తిరుగుతున్నా దావీదు ఆయన్ని యెహోవా అభిషిక్తుడు అనే అన్నాడు, అంతెందుకు యెషయా 45 మొదటి వచనంలో పర్షియా రాజు కోరెషుకి కూడా అదే మాట వాడారు, ఆయన యూదుడే కాదు. మరి వీళ్ళంతా దేవుళ్ళా?

యేసుకి దేవుని అధికారం ఉందని చూపించాలంటే మార్కు సువార్త 2వ అధ్యాయం తియ్యాలి. జనం కిక్కిరిసి లోపలికి దారి లేక, నలుగురు ఇంటికప్పు విప్పి పక్షవాతం మనిషిని యేసు ముందుకి దించిన కథ అది. నేను సండే స్కూల్లో చెప్పులు కొన్న అట్టపెట్టె పైన కన్నం కోసి, చాప ముక్కకి నాలుగు దారాలు కట్టి బొమ్మని కిందకి దించుతాను. పిల్లలు ప్రతిసారీ అడిగేది ఒకటే, టీచర్, ఇంటివాళ్ళు తిట్టలేదా అని! (ఇదే కథ లూకా సువార్తలో పెంకులు విప్పారు అని ఉంది కాబట్టి పెంకుటిల్లు ఉన్నవాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది.) పక్షవాతం మనిషిని దించితే యేసు ముందుగా లేచి నడువు అనలేదు, నీ పాపములు క్షమింపబడియున్నవి అన్నాడు. అక్కడ కూర్చున్న శాస్త్రులకి, అంటే ధర్మశాస్త్రం బోధించే యూదు పండితులకి, వెంటనే గుచ్చుకుంది, దేవుడొక్కడే కదా క్షమించేది, ఇతనెవడు అని. వాళ్ళ లాజిక్ కరెక్టే, నన్నడిగితే ఆ గదిలో ఆ మాట బరువు తెలిసింది వాళ్ళకే. యేసు కూడా మీరు తప్పుగా అనుకున్నారు అనలేదు, భూమిమీద మనుష్యకుమారునికి ఆ అధికారం ఉందని మీకు తెలియాలి అని, అప్పుడు పరుపెత్తుకుని ఇంటికి పొమ్మన్నాడు.

ఆ మనుష్యకుమారుడు అన్న మాట పాత నిబంధనలో దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలోది, మేఘాలమీద వచ్చి, ఎప్పటికీ పోని రాజ్యాధికారం పొందేవాడు. ఇంకోటి, పాత నిబంధనలో ప్రవక్తలు నోరు తెరిస్తే యెహోవా ఈలాగు సెలవిచ్చుచున్నాడు అంటారు, కొండమీద ప్రసంగంలో యేసేమో నేను మీతో చెప్పునదేమనగా అంటాడు. జనం ఆశ్చర్యపోయింది దీనికే.

క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో ఓట్లేసి యేసుని దేవుణ్ణి చేశారని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంటుంది, దానికీ జవాబు ఇదే, మార్కు రాసింది 1వ శతాబ్దంలో. నైసియాలో గొడవ అరియస్ అనే పాదిరి బోధ గురించి, కుమారుడు సృష్టించబడినవాడా, తండ్రితో సమానమా అని.

మత్తయి చివర్లో సర్వాధికారము నాకియ్యబడియున్నది అని ఉంది కదా, ఇచ్చారంటే ముందు లేనట్టేగా అని మా పదో తరగతి కుర్రాడు పట్టుకున్నాడు. మంచి ప్రశ్నే. దానియేలులో కూడా ఇవ్వబడింది అనే ఉంది చూడు, ఆ మాటే ఇక్కడ నెరవేరింది అని చెప్పాను. సగమే ఒప్పుకున్నాడు, వచ్చే ఆదివారం యోహాను 5 తీస్తానన్నాను.

మీరు మటుకు ఆ హీబ్రూ అర్థం సరిచేసి ఒక చిన్న ముక్క వెయ్యండి సార్, పిల్లలు పేపర్ కటింగ్ తెచ్చి నాకే చూపిస్తున్నారు.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్, తెనాలి