చిన్న ఇంజన్‌కి రెండో టర్బో ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

చిన్న కార్లకు కూడా రెండేసి టర్బోలు పెడితే పోలేదా అని ఈమధ్య మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లు తెగ అడుగుతున్నారు. పత్రికల వాహనాల పేజీల్లో కూడా ‘ట్విన్ టర్బో’ అన్న మాట వస్తే చాలు, అదేదో వజ్రకిరీటం అన్నట్టు రాస్తున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా మొదట డీజిల్ బళ్లు, ఇప్పుడు టర్బో పెట్రోలు బళ్లు విప్పి బిగిస్తున్నవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. కారుకు రెండు టర్బోలు వస్తే నాకు గిరాకీ పెరుగుతుందే గానీ తగ్గదు. అయినా వద్దనే చెబుతున్నాను.

ఇంజన్ బయటికి వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో చివర ఉన్న ఇంకో చక్రం గాలిని ఇంజన్‌లోకి నెడుతుంది. టర్బో అంటే ఇంతే. లీటరు ఇంజన్ టర్బో విప్పితే ఆ చక్రం నిమ్మకాయంత ఉంటుంది. బండి జోరు మీద ఉన్నప్పుడు అది నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా తిరుగుతుంది. ఆ ఇరుసుని నిలబెట్టేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ మాడి నల్లగా పెచ్చుకట్టిన ఇరుసు నా బల్ల మీద ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. హైవే మీద గంటల తరబడి తొక్కుకుంటూ వచ్చి, దాబా ముందు టక్కున ఆపేసిన బళ్లవే వాటిలో ఎక్కువ. చిన్న కారుకు ఈ వస్తువు కొత్తది వేయాలంటే పాతిక వేలు ఎటూ పోవు. ఇప్పుడు దీనికి తోడు ఇంకొకటి కావాలంటున్నారు.

ఎందుకు కావాలంటున్నారో నాకు తెలియక కాదు. కొన్నేళ్ల కిందట ఒక చిన్న డీజిల్ ట్యాక్సీ డ్రైవరు ‘అన్నా, ఘాట్‌లో బండి చచ్చిపోతోంది’ అని వచ్చాడు. హోసులు చూశాను, టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి అతని పక్కన కూర్చుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కాను. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను. మలుపు దగ్గర సెకండ్ గేరులో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ముల్లు పద్నాలుగు వందలకు పడింది. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా బండి కదల్లేదు. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక్కసారి ఎగిరింది. ‘ఇదేనన్నా’ అన్నాడు. రిపేరు చేయడానికి అందులో ఏమీ లేదు. పొగ తగినంత వస్తేనే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితేనే గాలి వస్తుంది. మలుపులో ఫస్ట్‌లోకి దిగు తమ్ముడూ అని చెప్పి డబ్బులు తీసుకోకుండా పంపాను.

ఈ వెలితికి రెండు టర్బోలు మందే. కింది వేగంలో చిన్నది, పైన పెద్దది పనిచేసేలా వరసగా బిగిస్తారు. యూరప్‌లో రెనో 1.6 లీటరు డీజిల్‌కి అలా బిగించి 160 హార్స్‌పవర్ తీసింది. ఇంజన్ ‘వీ’ ఆకారంలో ఉండి సిలిండర్లు రెండు వైపులా ఉంటే, వైపుకొక టర్బో పెట్టడం కూడా సబబే. మన చిన్న కార్లలో టర్బో పెట్రోలు ఇంజన్లు చాలావరకు మూడు సిలిండర్లవి, ఒకే వరసలోవి. మూడింటిని రెండు టర్బోలకు ఎలా పంచుతారు, తలా ఒకటిన్నరా? మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒకదాని పొగ ఇంకోదానికి పెద్దగా అడ్డం రాదు. ఇంజన్ 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి చొప్పున విడివిడిగా వచ్చి చక్రాన్ని తోస్తాయి. ఒక్క టర్బోకి ఇంతకన్నా మంచి ఇంజన్ దొరకదు.

పోనీ వరసగా బిగిద్దామంటే, ఉన్న టర్బోయే నిమ్మకాయంత. హ్యుందాయ్ వెన్యూ కారు 998 సీసీ ఇంజన్ 172 న్యూటన్ మీటర్ల టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, 1500 ఆర్‌పీఎం నుంచే ఇస్తుందని కంపెనీ లెక్క. టాటా నెక్సాన్ 1.2 లీటర్ల టర్బో 170ని 1750 నుంచి ఇస్తుంది. అంతకన్నా కింద లీటరు ఇంజన్ ఊదే పొగ ఎంతని? దానికి ఇంకా చిన్న చక్రం పెడితే, చక్రానికీ దాని గూటికీ మధ్య ఉండే సందులోంచే గాలిలో చెప్పుకోదగ్గ వాటా జారిపోతుంది. చక్రం చిన్నదయ్యేకొద్దీ ఆ సందు అదే నిష్పత్తిలో తగ్గదు. పైగా పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పొగలోని వేడిని రెండు టర్బోల ఇనుము మింగేస్తే, బీఎస్-6 బండి క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కడం ఆలస్యమవుతుంది. అది వేడెక్కేదాకా వెళ్లే పొగ అంతా శుద్ధి కానిదే.

ఇక్కడే పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. బీఎండబ్ల్యూ తన మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజన్‌ని కూడా ‘ట్విన్‌పవర్ టర్బో’ అంటుంది. అందులో ఉన్నది ఒక్కటే టర్బో. ఒక కుర్రాడు రెండున్నాయని నాతో పందెం కాశాడు, టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

అసలు చిన్న ఇంజన్ల మీద ఇన్ని విన్యాసాలు ఎందుకు పుట్టాయో చూస్తే, చాలాసార్లు వెనక ఏదో సర్కారు లెక్కో పోటీ నిబంధనో ఉంటుంది. మార్కెట్లోకి వచ్చిన మొదటి ట్విన్ టర్బో కారు మసెరాటి బైటర్బో. 1981 డిసెంబరులో ఇటలీలో చూపించారు. అప్పట్లో అక్కడ ఇంజన్ 2000 సీసీ దాటితే కారు మీద 38 శాతం పన్ను, లోపల ఉంటే దాదాపు అందులో సగం. కంపెనీ యజమాని అలెహాంద్రో దె తొమాసో ఏం చేశాడు? 1996 సీసీ ‘వీ6’ ఇంజన్ కట్టి, వైపుకొక టర్బో తగిలించాడు. గీతకు నాలుగు సీసీలు ఇవతల! ఆ పన్ను బాధ లేని దేశాలకు తర్వాత అదే కారుని రెండున్నర లీటర్ల ఇంజన్‌తో పంపారు. వేడికి సతాయించే బండి అని ఆ కారుకి పడ్డ పేరు మాత్రం ఇప్పటికీ పోలేదు.

జపాన్‌లో నిస్సాన్ 930 సీసీ మార్చ్ కారుకి సూపర్‌చార్జర్ (పొగతో కాక ఇంజన్ బెల్టుతో తిరిగి గాలి నెట్టేది), టర్బో రెండూ కలిపి బిగించి 110 హార్స్‌పవర్ పిండింది. అది ర్యాలీ తరగతుల లెక్క కోసం పడ్డ పాటు. ఫోక్స్‌వ్యాగన్ 2005లో 1.4 లీటర్ల ఇంజన్‌కి ఆ రెండూ పెట్టి 170 తీసింది, అవార్డులు కూడా కొట్టింది. తర్వాతి తరం 1.4లో సూపర్‌చార్జర్ పీకేసి ఒక్క టర్బోతోనే 150 దాకా లాగారు. ఇంకా పవర్ కావాల్సిన పోలో జీటీఐకి వచ్చేసరికి ఇంజన్‌నే 1.8 లీటర్లకు పెంచారు. అన్నీ చేసి చూసినవాళ్లే చివరికి వచ్చిన దారి అది.

మన దగ్గర చిన్న కారుకు తక్కువ పన్ను అన్న గీత 2006 బడ్జెట్‌లో పడింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకి 1200 సీసీ, డీజిల్‌కి 1500 సీసీ. జీఎస్టీ వచ్చాక కూడా గీత అక్కడే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం అయింది. ఇప్పుడు ఒకే కంపెనీవి రెండు కార్లు చూడండి. మారుతి ఫ్రాంక్స్ టర్బో 998 సీసీ, 100 హార్స్‌పవర్. మారుతి బ్రెజా 1462 సీసీ, టర్బో లేదు, 103 హార్స్‌పవర్. రెండూ 3995 మిల్లీమీటర్ల పొడవే. టర్బో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, వాటి పైపులు ఉన్నదానికి 18, అవేవీ లేని సాదా ఇంజన్‌కి 40. చిన్న ఇంజన్ టెస్టులో పెట్రోలు తక్కువ తాగుతుందంటారు, ఒప్పుకుంటాను. కానీ పన్ను వేస్తున్నది తాగే పెట్రోలు మీద కాదు కదా, సిలిండర్ల లోపలి కొలత మీద.

ప్రతి మోడల్ ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. 2022 నుంచి ప్రతి కంపెనీ కార్ల సగటు కిలోమీటరుకి 113 గ్రాములకు అటూఇటూ ఉండాలన్న నిబంధన నడుస్తున్నదే ఆ లెక్క మీద. అది చేతిలో పెట్టుకుని సీసీ గీత పట్టుకు వేలాడితే, రేపు ఎవరో ఒకరు 1199 సీసీకి రెండో టర్బో తగిలిస్తారు. మసెరాటి చేసిందీ అదే. సీసీ తీసేసి పన్నుని ఆ గ్రాములకు ముడిపెట్టండి. కంపెనీ వాళ్లు టర్బో కావాలంటే పెడతారు, మోటారు తోడున్న హైబ్రిడ్ కావాలంటే పెడతారు, పెద్ద సాదా ఇంజన్ కావాలంటే అది పెడతారు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. కారు సమీక్షల్లో గరిష్ఠ హార్స్‌పవర్ వేస్తారు, అది మన రోడ్ల మీద ఎవరూ ముట్టని ఆరు వేల ఆర్‌పీఎం దగ్గరిది. టార్క్ లెక్క కూడా టెస్టు బల్ల మీద ఇంజన్‌ని నిలకడగా తిప్పి తీసేది, అందులో నేను మారేడుమిల్లిలో లెక్కపెట్టిన ఆ రెండు సెకన్లు కనపడవు. ఐదుగురిని ఎక్కించి, సెకండ్ గేరులో పదిహేను వందల దగ్గర తొక్కితే బండి ఎంతసేపటికి అందుకుంటుందో ఒక్క ముక్క రాయించండి. పక్కనే టర్బో కొత్తది ఎంతో ధర వేయించండి.

పోయిన నెల నూజివీడు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తిరుగుతారు, కొన్న కారుని పన్నెండేళ్లు వాడే మనిషి. ఆయన వాడకానికి టర్బో లేని ఇంజనే మేలు, నేనూ అదే చెప్పాను. మాస్టారు రెండు కొటేషన్లు బల్ల మీద పరిచి పన్ను గడి చూపించి నవ్వారు. టర్బోదే తీసుకున్నారు. దూరం వెళ్లి వచ్చినప్పుడు ఆపే ముందు ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచండి మాస్టారూ అని చెప్పి పంపాను.

ఇట్లు,
ఒక మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ