బోటు వచ్చేలోపు వీధిని ఆదుకునేది పొరుగువారే

సంపాదకుల వారికి నమస్కారములు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా వీధిలోకి వచ్చినప్పుడు, కింది వాటాలో పక్షవాతంతో మంచం పట్టిన ఒక పెద్దావిడ ఉన్నారు. మోకాలి లోతు నీరు నడుము దాకా పెరగడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెను ఎలా ఎత్తాలో తెలియక అందరం కంగారు పడుతుండగా, కాలేజీలో ఎన్‌సీసీ చేసిన పక్కింటి కుర్రవాడు ముందుగా మెయిన్ స్విచ్ ఆపించి, దుప్పటిని ఆమె కిందికి జరిపి, రెండు అంచులనూ చుట్టచుట్టి నలుగురి చేతికిచ్చి, మెట్ల మీద తల వైపు ఎవరుండాలో చెప్పి, ఆమెను మేడ మీదికి చేర్పించాడు. బోటు మా వీధికి వచ్చింది మర్నాడు మధ్యాహ్నం. ఆ కుర్రవాడికి ఆ నాలుగు విషయాలు తెలియకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. అయినా ఊరిలో సగం నీట మునిగిన రోజున ప్రతి సందులోకీ ఒకేసారి రావడం ఏ దళానికీ సాధ్యం కాదు. సముద్రతీరం నుంచి పడవలతో వచ్చిన మత్స్యకారులు ప్రాణాలకు తెగించి పనిచేశారు, కానీ ఏ సందు ఎటు తిరుగుతుందో, ఏ ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారో వారికి చెప్పే మనిషి చాలాచోట్ల లేడు. అదే రోజు ఖమ్మంలో మున్నేరు వంతెనపై చిక్కుకున్న 9 మందిని ఒక జేసీబీ డ్రైవరు తెగించి ఒడ్డుకు చేర్చాడు. అతని సాహసానికి చేతులెత్తి మొక్కవలసిందే. అయితే ప్రతి వరదలోనూ అలాంటి మనిషి సమయానికి దొరుకుతాడని నమ్ముకుని ఊళ్లు బతకలేవు. 1995లో జపాన్‌లోని కోబే భూకంపంలో కూడా శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటికి తీసిన వారిలో అత్యధికులను తీసింది ఇరుగుపొరుగువారే.

ఈ అవసరం ప్రభుత్వాలకు తెలియనిదేమీ కాదు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ పథకాన్ని 30 జిల్లాల్లో ప్రారంభించి, ఆ తరువాత 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇచ్చే లక్ష్యంతో విస్తరించింది. 12 రోజుల శిక్షణ, లైఫ్ జాకెట్, టార్చి, తాడు, ప్రథమ చికిత్స పెట్టె ఇందులో భాగం. ఇది మంచి పథకం. నా బాధల్లా ఏమిటంటే, మా చుట్టుపక్కల నాలుగైదు వీధుల్లో వాకబు చేస్తే, అలా శిక్షణ పొందినవారు ఎవరైనా ఉన్నారా అన్నది ఒక్కరికీ తెలియదు. ఆపదలో పిలవవలసిన మనిషి ఎవరో వీధికి తెలియనప్పుడు, అతని దగ్గరున్న సర్టిఫికెట్టు వల్ల ఆ వీధికి కలిగే మేలు ఏమిటి?

శిక్షణ ఒక్కసారితో ముగిసేది కూడా కాదు. గుండె ఆగిన మనిషికి ఛాతీపై నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు అదమాలని తరగతిలో విన్నవారు ఏడాది గడిచేసరికి మరచిపోతారు. ప్రతి ఆరు నెలలకూ బొమ్మ మీద చేసి చూస్తేనే ఆ పని చేతికి వస్తుంది. మునిగిపోతున్నవాణ్ని చూడగానే నీళ్లలోకి దూకవద్దని, ముందు కర్ర చాచాలని, అందకపోతే తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరాలని, దిగడం ఆఖరి మార్గమని పదే పదే సాధన చేయించాలి. మన చెరువుల్లో ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవడం ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం కదా. పాముకాటుకు కోతలు పెట్టకుండా, కట్లు బిగించకుండా, కాటు పడిన కాలు కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చడం కూడా వరద ప్రాంతాల్లో అంతే ముఖ్యం.

1970 తుపానులో లక్షల మందిని కోల్పోయిన తరువాత బంగ్లాదేశ్ తీరప్రాంతంలో తుపాను సన్నద్ధత దళాన్ని నిర్మించుకుంది. నేడు అందులో 70 వేలకు పైగా ఉన్న సేవకుల్లో దాదాపు సగం మంది స్త్రీలు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమను పోగొట్టుకున్న మనకు ఈ మార్గం ఎంతో దగ్గరిది. ఏ ఇంట్లో నిండు చూలాలుందో, ఎవరికి ఇన్సులిన్ కావాలో మన డ్వాక్రా సంఘాల సభ్యులకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. శిక్షణను వారితో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. వాలంటీరు అనే మాట మన రాష్ట్రంలో రాజకీయ వివాదంగా మారింది గనుక స్పష్టంగా చెబుతున్నాను: నేను కోరుతున్నది గౌరవ వేతనాల వ్యవస్థను కాదు, తన వీధిని తాను కాపాడుకోగలిగిన పదిమందిని.

ప్రభుత్వం ఏటా మే నెలలోనే ప్రతి వార్డులో రెండు రోజుల పునశ్చరణ శిక్షణ జరిపించాలి. శిక్షణ పొందినవారి పేర్లు, ఫోను నంబర్లు వారి అనుమతితో వార్డు సచివాలయం గోడ మీద రాయించాలి. తాళ్లు, లైఫ్ జాకెట్లు దూరాన గోదాములో కాక వీధిలోనే ఒక మేడ మీది గదిలో ఉంచాలి. మా వీధి నుంచి 11 మంది, వారిలో 6గురు స్త్రీలు, శిక్షణకు పేర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. వారు ఎక్కడికి, ఎప్పుడు రావాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సింగ్‌నగర్, విజయవాడ